రెండో వరస కాజాలు

మ్యూజియంలో అద్దాల పెట్టెలో నిలబడ్డ ఆ బాలే నాట్యపు పిల్లంటే బాజిల్‌కు మొదటినుంచీ పడదు. పద్నాలుగేళ్ళ పిల్ల. ఒళ్ళు కంచు, పావడా మాత్రం నిజం గుడ్డ. ఒక కాలు ముందుకు చాచి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, గడ్డం పైకెత్తి, కళ్ళు సగం మూసి ఉంటుంది. వందేళ్ళకు పైగా జనం దాని చుట్టూ తిరుగుతూ ముఖం చూసి మురుస్తున్నారు. బాజిల్ చూసేది పావడా ఒక్కటే. బెర్రీ పల్లెలో బడి మానేసి పదహారో ఏట ప్యారిస్ వచ్చి, నలభై ఒక్క ఏళ్ళు ఒక పెద్ద నాట్యశాల కుట్టుగదిలో దర్జీగా బతికినవాడు మరేం చూస్తాడు? ఆ పావడా మాసిపోయి, పేలికలై, నడుము మీద కూర్చోక వేలాడుతుంది.

"ఇది కుట్టినవాణ్ణి మా గది గుమ్మం కూడా ఎక్కనివ్వం" అనేవాడు భార్య సోలాంజ్‌తో. ఆమె నవ్వి ఊరుకునేది. ఆమె పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడా మాట ఎవరితో అనాలి?

అందుకని మార్చిలో ఒక పొద్దున క్లెలియా అనే శిల్పి తలుపు తట్టి, ఆ పిల్ల నిలబడ్డట్టే తాను ఒక కంచు బొమ్మ చేస్తున్నానని, దానికి రవికా పావడా కుట్టిపెట్టాలని అడగ్గానే బాజిల్ తలుపు మూయబోయాడు. ఆమె చెప్పుకాలు అడ్డం పెట్టింది.

"కాలు తియ్యమ్మాయ్. తలుపు పాతది. నలిగితే నన్ననకు."

"రెండు నిమిషాలు బాజిల్ గారూ. ఆ పిల్లకు పద్నాలుగేళ్ళు. నేను చేసిన మనిషికి అరవై ఆరు. అదే నిలబాటు, అదే గడ్డం, అవే చేతులు. నిలువెత్తు బొమ్మ."

"ముసలావిడకు కుచ్చుల పావడా కట్టి నలుగురిలో నిలబెడతావా? నవ్వరూ?"

"నవ్వినవాళ్ళు నవ్వుతారు. కాసేపు చూస్తే ఆపేస్తారు."

"ఊళ్ళో దర్జీలు లేరా? సగం మంది నా చేతికింద నేర్చుకున్నవాళ్ళే."

"ఉన్నారు. కానీ బొమ్మకు నిలబడ్డావిడ మీరే కుట్టాలంది. మీరు కాదంటే గుడ్డలే వద్దంది."

"ఎవరావిడ?"

"మిరేయ్ దుఫ్లో."

బాజిల్ తలుపు వదిలేశాడు.

మిరేయ్ ఆ నాట్యశాల బృందంలో మూడో వరసలో సోలాంజ్ పక్కన ఇరవై మూడేళ్ళు ఆడిన మనిషి. ఒకే గదిలో ముఖానికి రంగు వేసుకున్నారు. ఒకరి జోళ్ళకు ఒకరు రిబ్బన్లు కుట్టుకున్నారు. కానీ ఆమె బాజిల్‌తో మాట్లాడి ముప్పై ఏడేళ్ళయింది. సోలాంజ్ అంత్యక్రియలకు వచ్చి, శవపెట్టె మీద పువ్వు పెట్టి, అతను నిలబడ్డ వైపు కాక చుట్టు తిరిగి పోయింది. ఎందుకో అతనికి తెలుసు. ఇప్పుడు పిలిచిందంటే మంచికి పిలిచి ఉండదనీ తెలుసు.

"కొలతలు ఎక్కడ తీసుకోవాలి?" అన్నాడు.

*

క్లెలియా పనిచేసే షెడ్డు ప్యారిస్ శివారు మోంత్రేయ్‌లో, ఒకప్పటి బట్టీల వెనక. బాజిల్ వెళ్ళేసరికి బొమ్మ అక్కడ లేదు. మట్టిబొమ్మ మీద అచ్చు తీసేశారు, మట్టి పగలగొట్టేశారు, అచ్చులో తీసిన మైనపు బొమ్మ కంచు పోసే కార్ఖానాకు పోయింది. కంచు వచ్చేసరికి నెల పడుతుంది, వచ్చిన మర్నాడే ప్రదర్శన. ఇక కొలవడానికి మిగిలింది మనిషే.

మిరేయ్ కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని వెన్న రాసిన ముల్లంగి ముక్కలు నముల్తోంది. తెల్లజుట్టు మగవాడిలా కత్తిరించుకుంది. నల్లటి బిగుతు బట్టల్లో, వీపు ఇప్పటికీ గోడలా నిటారుగా ఉంది.

"ఏమయ్యా దర్జీ, ఇంకా ఉన్నావా?"

"నీ దయ."

"నా దయే అయితే ఎప్పుడో పోయేవాడివి." ఆమె చేతులు తుడుచుకుని లేచింది. "ముందే చెబుతున్నాను. ఎడమ తుంటి నాది, కుడిది డాక్టరుది. ఏది నీ కొలతకు లొంగుతుందో చూసుకో."

క్లెలియా నవ్వబోయింది. ఇద్దరి ముఖాలూ చూసి మానుకుంది. కార్ఖానా వాళ్ళతో మాట్లాడాలని ఫోను తీసుకుని బయటికి వెళ్ళింది.

బాజిల్ మెడలోంచి టేపు తీశాడు. "నిలబడు. బొమ్మకు ఎలా నిలబడ్డావో అలా."

మిరేయ్ నిలబడింది. ఒక కాలు ముందుకు, చేతులు వెనక్కి, గడ్డం పైకి. బాజిల్ టేపుతో దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. మ్యూజియంలో పిల్ల నిలబాటే, కానీ అది కాదు. ఆ పిల్ల విశ్రాంతిగా ఉంటుంది. పాఠం అయిపోతే చాలుననుకునే బడిపిల్లలా ఉంటుంది. ఈమె భుజాలు పైకి లేచాయి, పక్కటెముకలు విచ్చుకున్నాయి, మెడనరాలు తేలాయి, పెదవులు కొద్దిగా తెరిచి ఉన్నాయి. నీళ్ళలోంచి పైకి వచ్చిన మనిషి అలా ఉంటుంది.

అతను టేపు నడుముకు చుట్టి, అలవాటు మాట అన్నాడు. "ఊపిరి వదులు."

"వదలను."

"ఊపిరి వదిలాకే కొలవాలి మిరేయ్. నీకు తెలియనిదా?"

"తెలుసు. ఊపిరి లేని మనిషినే కొలుస్తావు నువ్వు. తెలిసే అంటున్నాను." గడ్డం దించకుండానే మాట్లాడుతోంది. "సోలాంజ్ ఆ రోజు ఎలా నిలబడిందో నువ్వు చూడలేదుగా. పైన కుట్టుగదిలో ఉన్నావు. నేను తెర పక్కనుంచి చూశాను. ఇదిగో, ఇలా."

టేపు కొస అతని వేళ్ళలోంచి జారింది.

*

సంగతి చిన్నదే. తలుచుకుంటే ఇప్పటికీ చిన్నదే.

పందొమ్మిది వందల ఎనభై ఆరు, నవంబరు. సోలాంజ్‌కు ఇరవై తొమ్మిదేళ్ళు. అప్పటికి పన్నెండేళ్ళుగా మూడో వరసలో ఎడమ నుంచి నాలుగో మనిషి. ఒంటరిగా ఆడాల్సిన అమ్మాయికి మడమ బెణికి, ఆ వేషం సోలాంజ్‌కు వచ్చింది. రవిక బాజిలే కుట్టాడు. రవికలకు వెనకవైపు ఒక వరస హుక్కులు, రెండు వరసల కాజాలు ఉంటాయి. ఒక వరస బిగువుకు, రెండోది వదులుకు. మనిషి ఒళ్ళు రోజూ ఒకలా ఉండదు గనక. ఒంటరి వేషాలకు మాత్రం బాజిల్ రెండో వరస వేసేవాడు కాదు. దీపాల కింద అది ఉబ్బెత్తుగా కనిపిస్తుందని. వీపు నున్నగా తీర్చడంలో తనంతటివాడు లేడని అతనికి పేరు. ఆ పేరు అతనికి అన్నంకన్నా ఎక్కువ.

ఆట రోజు మధ్యాహ్నం సోలాంజ్ కుట్టుగదికి వచ్చింది. మూడు రోజులుగా ఛాతీలో జలుబు.

"రెండో వరస కాజాలు వెయ్యి బాజిల్. ఒక్క హుక్కు వదులైతే చాలు. ఊపిరి ఆడటం లేదు."

పది నిమిషాల పని. గదిలో ఆరుగురు ఆడవాళ్ళు కుడుతున్నారు. కుట్టు ఆపకుండానే చెవులిటు వేశారు. పెళ్ళానికైతే మంచి దారం వాడతాడని అప్పటికే గుసగుసలున్నాయి. బాజిల్ తలెత్తలేదు.

"కొలత తీసింది వారం కిందటే. కొలత కొలతే. అందరికీ ఒకటే రూలు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆమె వెళ్ళిపోయింది.

ఆట మధ్యలో, అంతా బాగా సాగుతుండగా, సోలాంజ్ మునివేళ్ళ మీదనుంచి కిందికి దిగింది. ఒక కాలు ముందుకు చాచి, చేతులు వెనక్కి కట్టుకుని, గడ్డం ఎత్తి నిలబడిపోయింది. వాద్యం మోగుతూనే ఉంది. ఎనిమిది తాళాలు అలా నిలబడింది. తర్వాత మిగిలింది ఆడి ముగించింది. ఎనిమిది తాళాలంటే సభలో వాళ్ళకు తుమ్మినంత సేపు. ఆడేవాళ్ళకు చచ్చినంత సేపు.

మర్నాడు నాట్యగురువు దెల్మాస్ స్వయంగా కుట్టుగదికి వచ్చాడు. "రవిక సరిగ్గానే ఉందా?"

"నా కొలతలో తప్పుండదు" అన్నాడు బాజిల్.

అయితే భయపడిందన్నమాట అనుకున్నాడు దెల్మాస్. అందరూ అదే అనుకున్నారు. మళ్ళీ ఆమెకు ఒంటరి వేషం రాలేదు. ఇంకో పదకొండేళ్ళు మూడో వరసలో ఆడి, నలభై నిండగానే రూలు ప్రకారం తెరవెనక ఒక పూలగుత్తి అందుకుని ఇంటికి వచ్చింది. ఇంట్లో ఆ మాట ఒక్కనాడూ ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేదని బాజిల్ చాలాసార్లు అనుకున్నాడు. తిట్టడానికి కూడా ఆమె అతన్ని లెక్కలోకి తీసుకోలేదో, తిడితే అతను తట్టుకోలేడని ఊరుకుందో, ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు.

*

"క్లెలియాకు చెప్పావా?" అని అడిగాడు, టేపు వంగి తీసుకుంటూ.

"ఒక నర్తకి ఆట మధ్యలో ఇలా నిలబడిందని చెప్పాను. పేరు చెప్పాను. ఎందుకు నిలబడిందో చెప్పలేదు. ఆ అమ్మాయి ఊరుకుందా? పాతవాళ్ళందరినీ అడిగింది. భయం, భయం, భయం. అందరిదీ ఒకటే పాట. ఇప్పుడది పలక మీద రాసి బొమ్మ పక్కన గోడకు పెడుతుంది. భయంతో ఆగిపోయిన సోలాంజ్ అని. ఇన్నాళ్ళూ నోళ్ళలో ఉంది. ఇక గోడమీద ఉంటుంది."

"నువ్వే చెప్పొచ్చుగా."

"నేనెవర్ని? ముసలి స్నేహితురాల్ని. చచ్చినదాన్ని వెనకేసుకొస్తోందంటారు. కుట్టినవాడు చెప్పాలి." మిరేయ్ అప్పుడు గడ్డం దించి అతని కళ్ళలోకి చూసింది. "అందుకే పిలిపించాను. పావడా కోసమనుకున్నావా? పావడా ఎవడైనా కుడతాడయ్యా."

బాజిల్ టేపు మళ్ళీ చుట్టాడు. ఆమె గుండెల నిండా ఊపిరి తీసుకుని నిలబెట్టింది. అతను అలాగే కొలిచాడు. నడుము డెబ్బై నాలుగు సెంటీమీటర్లు, ఛాతీ తొంభై ఒకటి అని రాసుకున్నాడు. ఊపిరి వదలమని మళ్ళీ అనలేదు.

*

నెల రోజులు కుట్టాడు. నెట్టుగుడ్డ పది పొరలు, ఒక్కో పొర ముందుదానికన్నా వేలెడు పొట్టి. చేతులు వెనక్కి కట్టుకున్న కంచు మనిషికి రవిక తలమీదుగా తొడగలేం గనక ముందునుంచి చుట్టి, మోచేతుల కిందుగా వెనక్కి తెచ్చి హుక్కులు పెట్టేలా కత్తిరించాడు. భుజాల పట్టీలకు ముందువైపు హుక్కులు పెట్టాడు. ఇంతవరకూ బుర్రతో చేశాడు. తర్వాత చెయ్యి తన దారిన పోయింది. వెనక రెండు వరసల కాజాలు వేసింది. పక్క కుట్ల దగ్గర, ఊపిరికని దర్జీలు వదిలే జాగా వదిలింది. నిండు ఊపిరి మీద తీసిన కొలతకు మళ్ళీ ఊపిరికి జాగా దేనికని అతనికి తోచలేదు.

పలక మీద రాతను క్లెలియా ముందుగా పోస్టులో పంపింది, సరిచూడమని. "పాత శిల్పంలోని బాలిక విశ్రమిస్తోంది. ఈ స్త్రీ భయపడుతోంది. 1986లో సోలాంజ్ కొర్బో అనే నర్తకి వేదిక మీద భయంతో నిలిచిపోయిన ఎనిమిది తాళాల కాలం ఇది." కింద చేత్తో రాసింది: మీ భార్య పేరు వాడుకోవడానికి మీకు అభ్యంతరం లేదు కదా?

ఫోను చెయ్యాలనుకున్నాడు. సోమవారం అనుకున్నాడు. సోమవారం గుడ్డకు గంజి పెట్టాల్సి వచ్చింది. బుధవారం అనుకున్నాడు. చచ్చినదానికి చప్పట్లు వినబడతాయా, చెప్పి ఎవరిని ఉద్ధరించాలి అని తనకు తానే చెప్పుకున్నాడు. పిరికివాడికి ఆలోచనలు బాగా వస్తాయి. కాగితం ఉప్పు జాడీ కింద పెట్టాడు. కుట్టుగది పాతవాళ్ళకు మాత్రం స్వయంగా ఫోను చేసి ప్రదర్శనకు రమ్మన్నాడు. తన చివరి పని వాళ్ళు చూడాలి. ఆ ఫోనుకు తీరిక దొరికింది.

*

ప్రదర్శనకు ముందురోజు మధ్యాహ్నం గ్యాలరీలో బొమ్మ నిలబెట్టారు. పోత కార్ఖానానుంచి గిల్డాస్ అనే పెద్ద మీసాలవాడు వచ్చి అడుగున బోల్టులు బిగిస్తున్నాడు. మిరేయ్ కోటు విప్పకుండా గోడవారగా కుర్చీలో కూర్చుంది.

బాజిల్ చుట్టూ తిరిగి చూశాడు. వాలిన పొట్ట, తొడల మీద ముడతలు, బొటనవేలి పక్కన ఉల్లిగడ్డంత బుడిపె, చిట్లిన గోళ్ళు. ఏదీ దాచలేదు. పైకి వెళ్ళేకొద్దీ వయసు మరిచిపోయాడు. పైకెత్తిన ఆ గడ్డం కింద గొంతు గుంట పడి ఉంది. గాలి కోసం మనిషి ఎంత పాటుపడుతుందో ఆ గుంటలో ఉంది. ముఖం మిరేయ్‌దే. కానీ ఆ గుంట చూస్తూ అతను ఎక్కువసేపు నిలబడలేకపోయాడు. రవిక తెమ్మన్నాడు.

ముందునుంచి చుట్టాడు. మోచేతుల కిందుగా వెనక్కి తెచ్చాడు. బిగువు వరసలోనే హుక్కులు పెట్టాడు. పట్టీలు తగిలించి వెనక్కి తగ్గాడు.

రవిక బొమ్మకు అంటలేదు. నడుము మీదనుంచి పావడా మెల్లగా తుంటి మీదికి జారింది. మ్యూజియం పిల్ల పావడా కూడా ఇంతకన్నా మర్యాదగా ఉంటుంది.

గిల్డాస్ పడీపడీ నవ్వాడు. "ఆవిణ్ణి కొలిచి దీనికి కుట్టావా పెద్దాయనా? కంచు చల్లారితే చిక్కిపోతుంది. వందకు రెండు పాళ్ళు. మా ఊళ్ళో మేకల్ని కాసేవాడికి కూడా తెలుసది!"

"నాకు గుర్తే రాలేదు" అంది క్లెలియా, తనదే తప్పన్నట్టు. "నేనైనా చెప్పాల్సింది." ఆమె రవిక పక్కన వేళ్ళు పెట్టి చూసింది. మూడు వేళ్ళు దూరాయి. "అయినా రెండు పాళ్ళకు ఇంత వదులు రాదే. వెనక రెండు వరసలెందుకు? బొమ్మ లావెక్కదు కదా. ఎక్కడ పొరపాటు జరిగింది బాజిల్ గారూ?"

"నా కొలతలో తప్పుండదు" అన్నాడు బాజిల్. "బొమ్మ చిన్నదైంది."

అని గుండుసూదుల పెట్టె తెరిచాడు. పక్క కుట్లు లోపలికి మడిచి పట్టీ పట్టేస్తే అరగంటలో అయిపోతుంది. వీపు నున్నగా తీరుతుంది. రేపు కుట్టుగది వాళ్ళు వచ్చి చూసి, ముసలాడి చెయ్యి ఇంకా తప్పలేదంటారు. మొదటి సూది గుచ్చాడు. రెండోది గుచ్చాడు.

వెనక కుర్చీ చప్పుడైంది. మిరేయ్ లేచి కోటు గుండీలు పెట్టుకుంటోంది.  తుంటి పట్టుకుని తలుపు వైపు నడుస్తోంది. అప్పుడు బాజిల్‌కు తానన్న మాట చెవినబడింది. ముప్పై ఏడేళ్ళ కిందట దెల్మాస్‌తో అన్న మాటే. ఒక్క అక్షరం మారలేదు. అప్పుడు తప్పు సోలాంజ్‌ది. ఇప్పుడు కంచుది.

"మిరేయ్, ఆగు."

"ఎందుకు? సూదులందించాలా?"

"ఆగు. నువ్వుండగా చెప్పాలి."

ఆమె తలుపు దగ్గరే నిలబడింది. బాజిల్ గుచ్చిన సూదులు రెండూ తీసి పెట్టెలో వేశాడు. 

"పొరపాటు కాదమ్మాయ్. ఊపిరికి జాగా వదిలాను. కంచుకు ఊపిరి ఉండదని నాకు తెలుసు. చెయ్యి వినలేదు." క్లెలియా వైపు తిరిగాడు. "ఆ పలక మీద రాసింది అబద్ధం. సోలాంజ్ భయపడలేదు. ఆవిడ నాకన్నా ధైర్యవంతురాలు. ఆ రోజు జలుబుతో వచ్చి ఒక్క హుక్కు వదులు చెయ్యమంది. పది నిమిషాల పని. నేను చెయ్యలేదు. గదిలో ఆడవాళ్ళు వింటున్నారని చెయ్యలేదు. ఊపిరాడక ఆగింది. మర్నాడు అడిగితే నా కొలతలో తప్పు లేదన్నాను."

గిల్డాస్ రెంచీ కింద పెట్టాడు. నవ్వినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నట్టున్నాడు.

క్లెలియా గోడ దగ్గరికి వెళ్ళి పలక ఊడదీసింది. బల్ల మీద బోర్లించి, వెనకవైపు పెన్సిలు పెట్టి నిలబడింది. "ఏం రాయమంటారు?"

"ఆ భయం మాట కొట్టెయ్యి. ఈ స్త్రీకి ఊపిరి ఆడటం లేదని రాయి. రవిక బిగువైంది, అడిగినా దర్జీ వదులు చెయ్యలేదు అని రాయి."

"మీ పేరు?"

"రాయి."

"రేపు మీ పాతవాళ్ళంతా వస్తారుగా బాజిల్ గారూ. ఇంకోసారి ఆలోచించుకోండి."

"వాళ్ళను పిలిచింది నేనే. ఆలోచించడం నెల రోజులు చేశాను. అందులో నాకు మంచి అనుభవం ఉంది."

మిరేయ్ తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుంది. కోటు విప్పలేదు. "కొర్బో అని ఇంటిపేరుతో సహా రాయమ్మా. ఊళ్ళో బాజిల్‌లు చాలామంది. మిగతావాళ్ళకెందుకు చెడ్డపేరు" అంది.

రవిక బిగించలేదు. సన్న పట్టీలు తీసేసి, గట్టి నూలు పట్టీలు వేసి, రవికనూ పావడానూ భుజాల మీదనుంచి వేలాడదీశాడు. పావడా నడుముకు నిలిచింది. పక్కటెముకల దగ్గర మాత్రం గుడ్డకూ కంచుకూ మధ్య జాగా అలాగే ఉండిపోయింది. దూరంనుంచి కూడా కనబడుతుంది.

"చేతకాని కుట్టులా ఉంటుంది" అంది క్లెలియా మెల్లగా.

"ఉంటుంది" అన్నాడు.

*

మర్నాడు సాయంత్రం జనం బాగానే వచ్చారు. కుట్టుగది పాతవాళ్ళలో మిగిలిన నలుగురూ వచ్చారు. ఆ మధ్యాహ్నం గదిలో ఉన్న ఆరుగురిలో ఒకామె పోలెట్, ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్ళది, ముందుగా రవిక చూసి నోరు చేసుకుంది.

"ఇదేం కుట్టయ్యా! కళ్ళు పూర్తిగా పోయాయా? చెబితే నేను వచ్చి కుట్టేదాన్నిగా!"

"పలక చదువు పోలెట్" అన్నాడు.

ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది. రెండోసారి చదివింది. "నేను విన్నాను ఆ రోజు" అంది చివరికి. "సోలాంజ్ అడగడం విన్నాను. మేమందరం విన్నాం." తర్వాత మిగిలిన ముగ్గురి దగ్గరికి వెళ్ళింది. నలుగురూ అతని వైపు రాలేదు. తమ దగ్గరికి రమ్మని పిలవనూ లేదు. అతను ఎదురుచూడలేదు.

నాట్యగురువు దెల్మాస్‌ను చక్రాల కుర్చీలో మనవరాలు తోసుకొచ్చింది. తొంభై ఒకటేళ్ళు. పలక మనవరాలు చదివి వినిపించింది. ముసలాయన చాలాసేపు బొమ్మకేసి చూశాడు.

"అయితే భయం కాదా?"

"కాదు గురువుగారూ."

"నేను నిన్నడిగాను."

"అడిగారు."

"మంచి కాళ్ళు ఆవిడవి. మెడ ఇంకా మంచిది. ఆ వసంతంలో ఇంకో వేషం ఆవిడకే అనుకుని ఉన్నాను. భయస్తులకు ఇవ్వకూడదని మానేశాను." ఆయన గొంతులో కోపం లేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టుంది. "నువ్వు అప్పుడు చెప్పి ఉంటే..."

"ఇచ్చేవారు."

"ఇచ్చేవాణ్ణి."

ఇక చాలన్నట్టు దెల్మాస్ చెయ్యెత్తాడు. మనవరాలు కుర్చీ తిప్పింది. చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోదు. ఎంత చేశామో తెలుస్తుంది, అంతే. బాజిల్‌కు ఆ సాయంత్రం దాకా తెలిసింది ఒక్క ఆట సంగతి. ఇప్పుడు ఇంకో వేషం కూడా వచ్చి చేరింది.

కూర్చోవాలనిపించింది. మిరేయ్ పక్కన కుర్చీ ఖాళీగానే ఉంది. ఆమె చేతిసంచీ దాని మీద పెట్టుకుంది. తియ్యలేదు.

"నిన్ను క్షమించాననుకోకు దర్జీ" అంది.

"అడగలేదుగా."

"అడక్కు. ఇవ్వడానికి నా దగ్గర లేదు. ఉన్నది ఆవిడ దగ్గర." బొమ్మ వైపు చూపించింది. "అక్కడికి పో. ఎవరో నిలబడ్డారు చూడు."

ఒక నడివయసు జంట. బాలే సంగతి తెలియనివాళ్ళని చూడగానే తెలుస్తోంది. మొగుడు వంగి రవిక లోపలికి తొంగిచూస్తున్నాడు. పెళ్ళాం అతని చొక్కా పట్టి వెనక్కి లాగుతోంది.

"వదులుగా ఉందే" అంటున్నాడతను. "పెద్ద సైజు తెచ్చినట్టున్నారు."

బాజిల్ వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. "నేనే కుట్టాను" అన్నాడు. "ఎందుకు వదులో చెబుతాను. మొదట ఆవిడ పేరు చెప్పాలి. సోలాంజ్."

వాళ్ళు విన్నారు. వాళ్ళ తర్వాత ఇంకొకరు వచ్చారు. అడిగినవాళ్ళకు చెప్పాడు. గ్లాసులు సర్దే వేళకు అడగనివాళ్ళకూ చెబుతున్నాడు.